తలుపుకీ గడపకీ మధ్య రబ్బరు

కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే అమ్మని గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని కారు తలుపు తీస్తే ముక్కవాసన గుప్పున కొట్టింది. డ్రైవర్ సీటు ముందున్న మ్యాటు ఎత్తి, కింద కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరి పైకొచ్చాయి.

అమ్మకి ఆయాసం. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆ ఘాటుకే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అలాంటి మనిషిని బూజు పట్టిన కార్లో గంటన్నర కూర్చోబెట్టలేను. ఆ పూటకి బాడుగ కారు మాట్లాడి పంపించి, మా కారుని రాజుపాలెంలో పిడుగురాళ్ల రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డుకి తోలుకెళ్లాను. బాబాయి కూడా వచ్చి ఎక్కాడు. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం లోడులు వేసుకుని ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. బండి జబ్బు గురించి ఎవరేం చెప్పినా తన కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోడు.

మెకానిక్ కుర్రాడు ముప్పై అయిదేళ్లవాడు, పనిమంతుడు. బాబాయికి చుట్టరికం ఏమీ లేకపోయినా వరస కలిపి పిలుస్తాడు. ఆ రోజు షెడ్డులో ఇద్దరికీ జరిగిన వాదం ఇది. నాకు తోచింది మధ్యమధ్యలో చెబుతాను.

మెకానిక్: బీడింగ్ అయిపోయిందన్నా. నాలుగు తలుపులకీ మార్చేద్దాం. పదకొండేళ్ల బండి, ఇంకెన్నాళ్లు ఆగిద్ది రబ్బరు?

బాబాయి: అయిపోవటం అంటే ఏందబ్బాయ్? చిరిగిందా, తెగిందా, ఊడి చేతికొచ్చిందా? నా కంటికి నల్లగా, నిండుగానే ఉందే.

మెకానిక్: చిరగాల్సిన పని లేదు బాబాయ్. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి చూడు. పైన గొట్టంలా ఉందా? లోపల బోలు. తలుపేస్తే నలగాల, తీస్తే లేవాల. ఇది నలిగి నలిగి ఇక లేవటం మానుకుంది. మా భాషలో రబ్బరు చచ్చిపోయిందంటాం.

బాబాయి: పరుపూ నలిగిద్ది. నలిగిందని పారేస్తామా? ఎండలో వేసి దులుపుకుంటాం.

మెకానిక్: పరుపులో దూది ఏకించుకోవచ్చు. రబ్బర్ని ఎవరు ఏకుతారు?

బాబాయి: మా రోజుల్లో అంబాసిడర్ తలుపు రబ్బరు ఊడితే పంక్చర్ సొల్యూషన్ రాసి అంటించేవాళ్లం. తెగిన చోట సైకిల్ ట్యూబు ముక్క పెట్టేవాళ్లం. అట్టా పెట్టిన కారులో పెళ్లికూతుళ్లని తీసుకొచ్చాం, ఎవరూ తడవలా.

మెకానిక్: తడిచే ఉంటారు బాబాయ్, అప్పుడెవరూ పట్టించుకోలా. అంబాసిడర్లో మ్యాటు ఎత్తితే రేకు. నీళ్లు దిగినా గుడ్డతో తుడిచి తలుపులు బార్లా తీసి పెడితే మధ్యాహ్నానికి ఆరిపోయేది. ఇప్పటి బండిలో కార్పెట్, దాని కింద మందపాటి స్పాంజి, ఆ కింద వైర్లు, వాటి జాయింట్లు. స్పాంజి తాగిన నీళ్లు వారమైనా పోవు. బూజు పట్టిద్ది, జాయింటు చిలుం పట్టిద్ది, కింద రేకు తినేసిద్ది. నీళ్లు పైకి కనపడే రోజుకి లోపల పని సగం జరిగిపోయి ఉంటది.

ఈ మాట దగ్గర నేను మెకానిక్ వైపే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ ఆ కారు నేర్పిన అలవాట్లు మన పెద్దవాళ్ల చేతుల్లోంచి పోలేదు. అవి చెడ్డ అలవాట్లని కాదు. ఆ కారుకి సరిపోయిన వైద్యం ఈ కారుకి సరిపోదు, అంతే. నా వేళ్ల సందుల్లోంచి వచ్చిన నీళ్లు ఆ స్పాంజివే.

బాబాయి వెనక్కి తగ్గలేదు.

బాబాయి: సరే, కొత్తది వేస్తే మాత్రం మన ఎండకి ఎన్నాళ్లుంటది? రెంటచింతల పేరు పేపర్లో రాని వేసవి ఉందా? అక్కడ కాగే ఎండే ఇక్కడా కాసేది. మళ్లీ నాలుగేళ్లకి నీ దగ్గరికే రావాల. అందుకే ఉన్నదాన్ని కాపాడుకోమంటున్నా. లారీ తలుపు రబ్బరు బిరుసెక్కితే డీజిల్ గుడ్డతో తుడిచేవాళ్లం. నిగనిగలాడేది.

మెకానిక్: ఆ నిగనిగ రెండు రోజుల ముచ్చట బాబాయ్. ఈ రబ్బరు డీజిలు తాగిద్ది. తాగి ఉబ్బిద్ది, మెత్తబడిద్ది, ఆనక పట్టు తప్పి గడప మీద నుంచి జారిద్ది. గ్రీజూ అంతే, ఇంజనాయిలూ అంతే. చాలామంది తలుపు కిర్రుమంటోందని కబ్జాకి వేసిన గ్రీజు రబ్బరుకీ పూస్తారు. ఎండ చంపేదానికన్నా ఆ పూత ముందు చంపిద్ది.

బాబాయి: రబ్బరంటే చెట్టు పాలేగా. దానికి నూనె పడకపోవటం ఏంది?

మెకానిక్: ఇది చెట్టు పాలది కాదు. టైరులో ఉంటది చెట్టు రబ్బరు. ఇది వేరే జాతి.

వాడు చెప్పింది నిజం. ఇప్పటి కార్ల తలుపులకి వచ్చే రబ్బరుని ఈపీడీఎం అంటారు. ఇథిలీన్, ప్రొపిలీన్ అనే రెండు వాయువుల్ని గొలుసుకట్టుగా కలిపి, డయీన్ అనే మూడోదాన్ని కాస్త చేర్చి తయారుచేస్తారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ చెట్టు రబ్బరులో గంధకం కలిపి కాచి, ఎండకి కరగని, చలికి పెళుసెక్కని రబ్బరు చేశాడు. కానీ దానికీ ఒక శత్రువు మిగిలిపోయింది: గాలిలో ఉండే ఓజోన్. సాగదీసి ఉన్న చెట్టు రబ్బరుని ఓజోన్ అడ్డంగా కోస్తుంది. పాత సైకిల్ టైరు పక్కల్లో కనిపించే సన్నని బీటల్లో దాని చెయ్యి చాలా ఉంటుంది. ఈపీడీఎం గొలుసులో ఓజోన్ కోయగలిగిన బలహీనపు ముడులు నడిమి వరసలో ఉండవు. ఇలాంటి గొలుసులు అల్లడానికి దారి చూపిన ఉత్ప్రేరకాలకే కార్ల్ జీగ్లర్, గియులియో నట్టా 1963లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈపీడీఎంలో కలిపే మసి వల్ల నలుపు వస్తుంది, ఆ మసే ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకుంటుంది. ఎండకి, వానకి, గాలికి ఇంత గట్టిగా నిలబడే ఈ రబ్బరు పెట్రోలు, డీజిలు, ఖనిజ నూనెల ముందు మాత్రం నిలవదు. అది పుట్టింది ఆ వంశంలోనే మరి, వాటితో తేలిగ్గా కలిసిపోతుంది.

కాబట్టి పల్నాడు ఎండ దీన్ని నాలుగేళ్లలో తినేస్తుందన్న బాబాయి లెక్క సరికాదు. వేసవిలో మూసి ఉన్న కారు లోపల 60 డిగ్రీలు దాటినా ఈ రబ్బరు తట్టుకుంటుంది. దాన్ని నిజంగా అరగదీసేవి వేరు: ఏళ్ల తరబడి ఒకేచోట నలగడం, ఎక్కేటప్పుడు చెప్పుకాలు గడప మీద ఈడ్చడం, గడప గాడిలో పేరుకున్న ఇసుక.

ఇక్కడ బాబాయి అడిగిన ప్రశ్న మాత్రం నన్నూ కుర్రాణ్నీ ఇద్దర్నీ ఆపేసింది.

బాబాయి: అదంతా ఉండనీ. నీళ్లు ఈ రబ్బరు దాటుకునే లోపలికొచ్చినయ్యని ఎట్టా చెప్తున్నావ్? చూశావా?

మెకానిక్: చూసేదేముంది? తలుపు దగ్గర తడి, తలుపు రబ్బరు పాతది.

బాబాయి: ఇల్లు కారుతుంటే తడిసిన చోట పైన పెంకు మార్చుకుంటూ పోతావా? నీళ్లు ఒకచోట దిగి, వాసం పట్టుకుని పోయి ఇంకోచోట కారతయ్. ఒక సంగతి చెప్తా విను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? ఈ కారు అప్పుడు మా వాకిట్లోనే ఉంది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. లోపల చుక్క తడి లేదు. ఇదే రబ్బరు. అప్పుడు రాని నీళ్లు ఇప్పుడెట్టా వచ్చినయ్?

మెకానిక్: అప్పటికీ ఇప్పటికీ రబ్బరుకి వయసు పెరిగింది కదా.

బాబాయి: నాకూ పెరిగింది. వయసు కాకుండా ఇంకేం మారిందో చెప్పు.

కుర్రాడు నా వంక చూశాడు. నేను గుర్తు చేసుకున్నాను. కిందటి వేసవిలో డ్రైవర్ వైపు అద్దం దిగకపోతే వేరే ఊళ్లో, ప్రయాణం మధ్యలో ఒకచోట బాగు చేయించాను. లోపలి డోర్ ప్యాడ్ ఊడదీసి మోటారు మార్చారు. అది చెప్పగానే వాడి ముఖం మారింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి పైపు తెమ్మని పిల్లవాణ్ని కేకేశాడు. తాను అన్నమాట మీద పంతం పట్టకుండా పరీక్షకి లేచిన ఆ తీరు నాకు నచ్చింది.

పరీక్షలు రెండు చేశారు. అవి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రెండూ ఎవరింటి ముందు వాళ్లు చేసుకోగలిగినవే, పైసా ఖర్చు లేనివే.

మొదటిది నోటు పరీక్ష. జేబులోంచి పది రూపాయల నోటు తీసి, రబ్బరు మీద సగం పెట్టి, తలుపేసి, బయటి నుంచి లాగడం. బిగుతుగా, ఈడ్చుకుంటూ వస్తే అక్కడ రబ్బరు బతికి ఉన్నట్టు. వెన్నలో వెంట్రుకలా జారి వస్తే పట్టు లేనట్టు. జానెడు జానెడు దూరానికి ఒకసారి చొప్పున తలుపు చుట్టూ చేశారు. గడప పొడుగునా గట్టిగా పట్టింది. ముందు వైపూ పట్టింది. పైన, వెనక మూలకి వచ్చేసరికి నోటు రెండు వేళ్ల మధ్య నుంచి వచ్చినట్టు వచ్చేసింది.

మెకానిక్: చూశావా బాబాయ్, ఆ మూల చచ్చింది.

బాబాయి: ఆ మూల చచ్చింది, ఒప్పుకుంటా. గడప బతికే ఉంది, నువ్వు ఒప్పుకో.

రెండోది నీళ్ల పరీక్ష. నన్ను లోపల కూర్చోబెట్టి, చేతికి టార్చి ఇచ్చి తలుపేశారు. పైపుతో ఒక్కసారి పైనుంచి కుమ్మరిస్తే నీళ్లు ఎక్కడ దూరాయో తెలీదట. కింద నుంచి మొదలుపెట్టాలి. ముందు గడప మీద, అక్కడ ఏమీ లేదని తేలాక కబ్జాల వైపు, ఆ తర్వాత అద్దం అడుగున, చివరికి పైన. నీటి ధార నెమ్మదిగా ఉండాలి, వానలా. గడప దగ్గర పోసినంతసేపూ లోపల పొడిగానే ఉంది. అద్దం అడుగునున్న బయటి పట్టీ మీద పోశాక రెండు నిమిషాలకి డోర్ ప్యాడ్ కింది అంచున ఒక చుక్క నిలబడింది. టార్చి వెలుతురులో మెరిసి, జారి, గడపకి లోపలి వైపు కార్పెట్లో ఇంకిపోయింది. వెనకే ఇంకోటి. నీళ్లు బీడింగ్‌ని దాటలేదు. తలుపు కడుపులోంచే వస్తున్నాయి.

బాబాయి: అదీ సంగతి.

అందులో గెలిచానన్న ధ్వని లేదు. అడుగుతున్నట్టే అన్నాడు. వెంటనే తలుపు కింది అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడ ఒకటుంది. కారు తలుపు లోపలికి నీళ్లు పోకుండా కట్టరు. అద్దం పైకీ కిందికీ జారాలి కాబట్టి దాని పక్కనున్న పట్టీ కొంత నీటిని వదిలేస్తుంది. ఆ నీళ్లు తలుపు రేకుల మధ్య కిందికి దిగి, అడుగునున్న బెజ్జాల్లోంచి బయట నేల మీద పడాలి. లోపలికి రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించి ఉంటుంది. బెజ్జాలు తెరిచి ఉండి, షీటు అతుక్కుని ఉన్నంతకాలం తలుపు కడుపులోకి ఎన్ని నీళ్లు దిగినా కూర్చున్నవాళ్లకి తెలియదు.

మెకానిక్ చీపురుపుల్ల తెచ్చి బెజ్జంలో గుచ్చాడు. దిగలేదు. సన్నని తీగ తెచ్చి తిప్పాడు. తెల్లటి పెంకు ఒకటి పెళుక్కున విరిగి రాలింది. దాని వెనక పాలలాంటి నీళ్లు బుడబుడమంటూ కారి షెడ్డు నేల మీద చిన్న మడుగు కట్టాయి. ఒక తలుపులో అన్ని నీళ్లు ఉంటాయని నేను అనుకోలేదు. బాబాయి ఆ పెంకు ముక్కని తీసుకుని బొటనవేలితో నలిపి, వాసన చూశాడు.

బాబాయి: ఇది మట్టి కాదబ్బాయ్. సున్నపు దుమ్ము. ముప్పై ఏళ్లు నా ఒంటి మీద మోశా, నాకు తెలవదా? పిడుగురాళ్ల బట్టీల పక్కనించి పోయే ప్రతి బండి మీదా పడిద్ది. తడి తగిలి, గాలి తగిలి, గోడకి పూసిన సున్నంలాగానే రాయైపోయిద్ది.

మెకానిక్: మరి నేను ఏడాదికి ఇన్ని కార్లు చూస్తున్నా, ఎవరూ ఈ బెజ్జాలు పొడిపించమని అడగరు బాబాయ్. బీడింగ్ మార్చమనే అడుగుతారు.

బాబాయి: వాళ్లు అడగరు. నువ్వు చెప్పాల.

ఆ మాటకి కుర్రాడు జవాబివ్వలేదు. తల ఊపి, మిగిలిన మూడు తలుపుల బెజ్జాలూ పొడవడం మొదలుపెట్టాడు.

డోర్ ప్యాడ్ ఊడదీస్తే రెండో దోషమూ దొరికింది. ప్లాస్టిక్ షీటు కింది మూల జానెడు మేర చిరిగి లోపలికి మడిచి ఉంది. మోటారు మార్చినవాళ్లు దాన్ని కోసి, పని అయ్యాక అంటించకుండా వదిలేశారు. ఒకటీ రెండు వానలకి ఇబ్బంది ఉండేది కాదేమో. బెజ్జాలు మూసుకుపోయాక తలుపులో నీరు పైకి నిండి, ఆ చిరుగు దొరగ్గానే లోపలికి మళ్లింది. వేరే షీటు కోసి, చుట్టూ నల్లటి బ్యూటైల్ జిగురు తాడు పెట్టి, వేళ్లతో అదుముతూ అంటించారు. షీటు అడుగు అంచు తలుపు లోపలి గాడిలోకి దిగేలా పెట్టాలి, అప్పుడే దాని మీద పడిన నీళ్లు తలుపు కడుపులోకే జారతాయి. కుర్రాడు ఆ అంచుని మూడుసార్లు సర్దాడు.

ఇక బీడింగ్ సంగతి. నీళ్ల నేరం దాని మీద నుంచి తొలిగింది. ఇక దాన్ని అలాగే ఉంచేద్దామని బాబాయి, మార్చాలని మెకానిక్.

బాబాయి: తప్పు దానిది కాదని తేలిపోయాక ఇంకా ఎందుకు ఊడబెరకటం?

మెకానిక్: నీళ్లు రాలేదు బాబాయ్, నిజమే. దుమ్ము సంగతి చూడు. నోటు జారిన మూలని చూడు. రబ్బరు మీద ఈ తెల్లటి చార ఏంది? పక్కన సీటు బెల్టు పైన ఈ పొడి ఏంది? బండి తొంభై మీద పోతా ఉంటే పైమూలలో గాలి తలుపుని బయటికి గుంజిద్ది. ఉన్న సందు ఇంకాస్త తెరుచుకుంటది. కొండమోడు నుంచి పేరేచర్ల దాకా రోడ్డు వెడల్పు పనులతో ఎంత దుమ్ము తాగాం? అదంతా ఎటునుంచి వచ్చింది లోపలికి?

ఆయాసం మనిషికి వాననీళ్ల కన్నా ఈ దుమ్మే ఎక్కువ కీడు. నాకు ఆ తెల్లటి చార చూశాక ఇక వాదం వినబుద్ధి కాలేదు. కానీ బాబాయి ఇంకో మెలిక పెట్టాడు, అది సరైన మెలికే.

బాబాయి: మూలలో సందు రబ్బరు చచ్చినందువల్ల వచ్చిందా, తలుపు జారినందువల్ల వచ్చిందా? ముందు అది చూడు. తలుపు జారి ఉంటే కొత్త రబ్బరూ ఆర్నెల్లకి చిరిగిద్ది.

కుర్రాడు తలుపు సగం తీసి, చివర రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. కబ్జాల దగ్గర టక్కుమంది. కొంచెం వదులుంది. అక్కడి బోల్టులు బిగించి, తాళం పట్టే కొక్కేన్ని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ ఎత్తి చూస్తే శబ్దం లేదు. అప్పుడు రబ్బరు పొడుగునా తెల్ల చాక్‌పీసు రుద్ది, తలుపు మెల్లగా వేసి తీశారు. రబ్బరు తగిలిన చోటల్లా తలుపు మీద తెల్లగీత పడాలి. గీత చుట్టూ పడింది, పైమూలలో మాత్రం బెత్తెడు మేర లేదు.

మెకానిక్: ఇప్పుడేమంటావ్?

బాబాయి: ఈ తలుపుకి మార్చు. మిగతా మూడూ ముట్టుకోవద్దు.

మెకానిక్: నాలుగింటికీ ఒకటే వయసు బాబాయ్.

బాబాయి: వయసు ఒకటే, చాకిరీ ఒకటి కాదు. డ్రైవర్ తలుపు రోజుకి ఇరవై సార్లు తీసి వేస్తారు. వెనకాల ఎడమ తలుపు వారానికోసారి. నోటు పెట్టి లాగు. పట్టిందా, వదిలెయ్. జారిందా, అప్పుడు మార్చు.

మూడు తలుపులూ నోటుని పట్టుకున్నాయి. కుర్రాడు ఏడాది లోపల వాటికీ మార్చాల్సొస్తుందని పందెం వేసినంత గట్టిగా చెప్పాడు. బాబాయి ఒప్పుకోలేదు. ఈ విషయంలో వాళ్లిద్దరూ ఆ రోజు రాజీపడలేదు, ఇప్పటికీ పడలేదు. నేను బాబాయి మాటే విన్నాను. నోటు చెప్పిన సాక్ష్యాన్ని కాదని డబ్బు పెట్టడానికి నాకు కారణం కనిపించలేదు.

ఏ రబ్బరు వేయాలన్న దగ్గర మాత్రం బాబాయి తప్పు చేయబోయాడు. మీటర్ల లెక్కన అమ్మే రోల్ బీడింగ్ చవక, అది చాలన్నాడు.

మెకానిక్: రోలు తప్పనను. దొరక్కపోతే అదే వేస్తా. కానీ దాని గొట్టం లావు ఈ తలుపు సందుకి సరిపోవాల. లావైతే తలుపు పడదు, సన్నమైతే మళ్లీ అదే సందు. పైగా మూలల్లో రోలు వంగేటప్పుడు ముడత పడిద్ది. ఈ మోడలుకి చేసిందైతే మూల మలుపు కొలతకి పోసి ఉంటది. మనకి చచ్చింది మూలే కదా?

ఆ చివరి మాటకి బాబాయి నోరెత్తలేదు. మోడలుకి తగ్గ బీడింగ్ మర్నాడు సత్తెనపల్లి నుంచి తెప్పించారు.

వేసే పని చూడ్డానికి చిన్నదే గానీ తొందరపడితే చెడే పని. పాతదాన్ని గడప దగ్గర అతుకు ఉన్నచోట పట్టుకుని, రేకు అంచు మీద నుంచి నిటారుగా పైకి లాగాడు. పక్కకి గుంజితే రేకు వంగుతుందట. రబ్బరు అడుగున గాడిలో సన్నని ఇనుప పళ్ల వరస ఉంటుంది, రేకుని కరిచిపట్టేది అదే. పాతదాంట్లో పైమూల దగ్గర ఆ పళ్లు విచ్చుకుని, తుప్పు పట్టి ఉన్నాయి. రేకు అంచు మీద పేరుకున్న జిగురూ సున్నమూ తడిగుడ్డతో, సబ్బునీళ్లతో తుడిచాడు. ఒకచోట రంగు లేచి గోరంత తుప్పు కనిపిస్తే గీకి, రంగు పూసి, ఆరేదాకా ఆగాడు. ఒకచోట రేకు వంకరని కటింగ్ ప్లేయర్‌తో సరిచేశాడు. ఆ తర్వాతే కొత్తది.

ముందు పై రెండు మూలలు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నిలువులు, చివరికి గడప. అరచేత్తో అదిమి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. గడప దగ్గరికొచ్చేసరికి రెండంగుళాలు ఎక్కువ మిగిలింది.

బాబాయి: కోసెయ్.

మెకానిక్: కోస్తే పోయింది. ఎక్కడో సరిగ్గా కూర్చోలేదన్నమాట. సాగదీసి వేస్తే కురచవుద్ది, వదులుగా వేస్తే మిగులుద్ది. మొత్తం వెనక్కి పోయి అదుముకుంటూ రావాల.

రెండో చుట్టు తిరిగేసరికి మిగులు వేలెడంత అయింది, మూడో చుట్టుకి అతుకు అతుకుని ముట్టుకుంది. ఎక్కడా సాగలేదు, ఎక్కడా ఉబ్బలేదు. సాగదీసి వేసిన రబ్బరు కొన్నాళ్లకి మళ్లీ తన పొడవుకి ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. బాబాయి దగ్గరగా వంగి ఆ అతుకు మీద వేలు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

బాబాయి: బాగా కూర్చుంది నాయనా.

నేను మధ్యలో ఒకటి అడిగాను. ఉన్న బీడింగ్ పైన జిగురుతో అంటించే ఇంకో రబ్బరు వరస ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, అదీ వేస్తే శబ్దమూ దుమ్మూ ఇంకా తగ్గుతాయేమో అని. ఆ పూట ఇద్దరూ ఒకే మాట అన్న సందర్భం అదొక్కటే: వద్దని. కుర్రాడి కారణం, తలుపు పడటానికి గట్టిగా కొట్టాల్సొస్తుంది, కొట్టి కొట్టి కబ్జాలు పోతాయి. బాబాయి కారణం, మే నెలలో ఆ జిగురు కరిగి చీరకొంగులకి అంటుకుంటుంది.

ఇంకో సంగతి కూడా వాడే చెప్పాడు. దుమ్ము రోడ్డు మీద ఏసీని లోపలి గాలి మీద కాకుండా బయటి గాలి మీద పెట్టి, బ్లోయర్ ఒక మెట్టు పెంచమన్నాడు. ఫిల్టర్ దాటి వచ్చిన గాలి కారు లోపల కొద్దిగా ఒత్తిడి పెంచుతుంది, అప్పుడు సన్నని సందుల్లోంచి గాలి బయటికే పోతుంది గానీ దుమ్ము లోపలికి రాదు. ఫిల్టర్ మాత్రం శుభ్రంగా ఉండాలి. అమ్మ కోసం నాకు ఆ రోజు దొరికిన మాటల్లో ఇది అన్నిటికన్నా పనికొచ్చింది.

కొత్త బీడింగ్ వేశాం కదా అని నీళ్లు నిలిచిన రోడ్డు మీదికి దిగొద్దని కూడా గట్టిగా హెచ్చరించాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు మునిగిన సంగతి చెప్పాడు. ఈ రబ్బరు వానని, గాలిని, దుమ్ముని ఆపేది. నిలబడ్డ నీళ్ల బరువుని ఆపేది కాదు.

తలుపు మొదటిసారి వేస్తే పట్టలేదు. రెండోసారి కొంచెం బలంగా వేస్తే దప్పున పడింది. ఆ శబ్దం పాత శబ్దంలా డొల్లగా లేదు. కొత్త రబ్బరు సర్దుకునేదాకా వారం పది రోజులు ఇలాగే బిగుతుగా ఉంటుందట. వేరే అద్దం ఒకటి రెండంగుళాలు దించి వేస్తే లోపలి గాలికి దారి దొరికి తేలిగ్గా పడుతుంది. ఆ రాత్రంతా తలుపులు మూసే ఉంచమన్నాడు. నెలకోసారి రబ్బరుని తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయమన్నాడు. ఆ మాట అనేటప్పుడు బాబాయి వైపు చూశాడు. డీజిల్ వద్దు బాబాయ్, అన్నాడు. బాబాయి సరేనన్నాడు.

మళ్లీ చాక్‌పీసు రుద్ది వేసి తీస్తే తెల్లగీత తలుపు చుట్టూ ఎక్కడా తెగకుండా పడింది. బాబాయి పైమూల దగ్గర ఆ గీత మీద వేలు ఆనించి, వేలికంటిన తెలుపుని పంచెకి తుడుచుకున్నాడు.

కార్పెట్టూ స్పాంజీ ఆరడానికి ఎండలో మూడు రోజులు పట్టింది. సీటు విప్పి, స్పాంజిని వాకిట్లో నాపరాళ్ల మీద నిలబెట్టాం, గంటకోసారి తిప్పాం. వాసన పూర్తిగా పోయిందనిపించేదాకా అమ్మని ఎక్కించలేదు. తర్వాతి వారం గుంటూరు బయల్దేరినప్పుడు బ్లోయర్ వాడు చెప్పినట్టే పెట్టాను. సత్తెనపల్లి దాటేదాకా రోడ్డు చూస్తూనే వెనక సీట్లో ఆమె ఊపిరి వింటూ నడిపాను. పేరేచర్ల వచ్చేసరికి అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.